పచ్చ మేడ ప్రమాణం

చిత్తూరు
ఫిబ్రవరి 6

పంకజానికి, రూతు వందనాలు.

ఈ కాలంలో ఉత్తరాలేమిటక్కా అని పోస్టాఫీసులో అమ్మాయి నన్ను చూసి నవ్వింది. మెసేజి పెడితే ముందు మీ కోడలు నవీన చదువుతుంది, ఆ తర్వాతే నీకు చూపిస్తుంది. ఫోన్ చేద్దామంటే నీ చెవులు నీ మాటే వినవు, ఇక నా మాట ఏం వింటాయి? హాస్టల్లో మొదలైన అలవాటు ముసలితనంలో అక్కరకొచ్చింది అనుకో.

అసలు సంగతి చెబుతాను, నవ్వొద్దు. మా వీధికి ఒక ఐసు పెట్టె కొనాలని పూనుకున్నాను. చనిపోయిన వాళ్ళను పడుకోబెట్టే పెట్టె. ఎండాకాలం వస్తే అద్దె పెట్టెల వాళ్ళు నోటికొచ్చింది అడుగుతారు. కూలికి పోయే ఇళ్ళలో అంత పెట్టలేక, పొద్దున పోయిన మనిషిని మధ్యాహ్నానికే ఎత్తేస్తున్నారు. దూరం నుంచి వచ్చే బిడ్డకు కడసారి చూపు ఉండదు. నా సంగతి నీకు తెలియనిదా? నాయన పోయినప్పుడు నేను కడపలో డ్యూటీలో ఉన్నాను. ఐరాలలో బస్సు దిగేసరికి సమాధి కప్పిన వాళ్ళు చేతులు కడుక్కుంటూ ఎదురొచ్చారు. ముప్పై ఏళ్ళయింది. ఇప్పటికీ నాయన మొహం తలుచుకుంటే గోడ మీద ఫోటో గుర్తొస్తుంది గానీ మనిషి గుర్తు రాడు.

వీధిలో, చర్చిలో అడిగితే సగం దాకా కూడింది. మిగిలిన సగం తానొక్కడే ఇస్తానన్నాడు బెల్లం మండీ బాలచంద్ర. అయితే మెలిక పెట్టాడు. మండీ వెనక వాళ్ళ పచ్చ మేడ గుర్తుందా? వాళ్ళమ్మ రాజమ్మాళ్ పోయినప్పటి నుంచి ఖాళీగా ఉంది. దయ్యముందని పేరు పడింది, కొనేవాళ్ళు గేటు దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. పదిమందీ నమ్మే మనుషులు ఇద్దరు అందులో ఒక రాత్రి పడుకోవాలట. పడుకుని, ఏమీ లేదని కాణిపాకంలో ప్రమాణం చేయాలట. చిత్తూరులో ఎవరూ కాదనలేని సాక్ష్యం అదొక్కటే కదా.

నేను పడుకుంటాను గానీ ఒట్టు పెట్టలేను. మా చర్చి జోయల్ అయ్యగారు ముందే చెప్పేశారు, మనకు ఒట్టు లేదమ్మా అని. అందుకని నువ్వు రావాలి. దయ్యం గొంతు చించుకుని అరిచినా నీకు వినపడదు. నీకంటే ధైర్యవంతురాలు నాకు ఎక్కడ దొరుకుతుంది?

నీ రూతు

తిరుపతి
ఫిబ్రవరి 12

రూతుకు,

క్షేమం. నీ ఉత్తరం రెండు సార్లు చదివి, నవ్వొద్దన్నావు కాబట్టి రెండు సార్లూ నవ్వాను. చెవిటిదాన్ని కాబట్టి పనికొచ్చాననే మాట ఇన్నాళ్ళకు విన్నాను. చదివాను అనాలేమో.

పడుకోవడానికి నాకేం భయం లేదు. ఆయన పోయిన ఈ సంవత్సరంలో ఖాళీ ఇల్లంటే ఏమిటో తెలిసిపోయింది. ఆ మేడ మీద నాకు మొదటి నుంచీ కుతూహలమే. మనం స్కూలుకు పోతూ గేటు సందులోంచి తొంగి చూసేవాళ్ళం, రాజమ్మాళ్ గారు ఎండబెట్టిన వడియాల దగ్గర కూర్చుని మనల్ని రమ్మని చెయ్యి ఊపేది. అంత మంచి మనిషి దయ్యమెందుకు అవుతుంది? అయితే ఏం చేస్తుందట? జనం చెప్పేదంతా పూస గుచ్చినట్టు రాయి. సగం సగం రాస్తే నాకు నిద్ర పట్టదు.

భయమంతా ప్రమాణం దగ్గరే. నేను ఐరాలలో పుట్టినదాన్ని, కాణిపాకం మా పెరటి గడప లాంటిది. గట్టు తగువుల దగ్గర నుంచి దొంగతనాల దాకా మా వాళ్ళు ఆ స్వామి ముందే తేల్చుకునేవాళ్ళు. కోనేట్లో మునిగి తడి బట్టలతో నడిచే లోపలే సగం మంది నిజం ఒప్పేసుకునేవాళ్ళు. కాబట్టి ముందే చెబుతున్నాను. చూసింది చూశానంటాను, చూడనిది చూడలేదంటాను. బాలచంద్రకు నచ్చినట్టు ఒక్క మాట కూడా కలపను.

దిండు నేనే తెచ్చుకుంటాను. మీ ఇంట్లో దిండ్లు ఆసుపత్రి దిండ్లలా ఉంటాయి.

పంకజాక్షి

చిత్తూరు
ఫిబ్రవరి 19

పంకజానికి,

జనం చెప్పేది ఇదీ. అమావాస్య రాత్రి పెరటి వైపు గదిలో వెలుగు కనిపిస్తుంది. ఆడమనిషి ఏడుపు వినిపిస్తుంది. తెల్లారి చూస్తే ముందు గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంటుంది. పెరటి తలుపు తాళం చెవి ఎప్పుడో పోయింది, తాళమే తుప్పు పట్టింది అంటున్నాడు బాలచంద్ర. మండీలో పనిచేసే మునికృష్ణ అయితే, “నేను కండ్లారా సూసినానక్కా, కిటికీలో తెల్లగా ఒకటి నిలబడి ఉండాది” అని ఒణికిపోతూ చెప్పాడు. ఎంత తాగి ఉన్నావు అని అడిగితే లెక్క చెప్పలేకపోయాడు.

సులువైన రాత్రి చూసుకున్నారని ఎవరూ అనకుండా శివరాత్రి పోయాక వచ్చే అమావాస్యే ఖాయం చేశాడు బాలచంద్ర. కరెంటు లేదు. ఫోన్లు మునికృష్ణకు ఇచ్చెయ్యాలి. గేటుకు బయట తాళం వేసి అతను వీధిలో కాపలా ఉంటాడట. దయ్యానికి కాదు, మనకు.

ముందు రోజే వచ్చెయ్యి. చింతచిగురు పప్పు చేస్తాను.

రూతు

చిత్తూరు
మార్చి, అమావాస్య పోయిన మూడో రోజు

పంకజానికి,

సుఖంగా చేరావా? మరునాడు పొద్దున్నే బస్సెక్కేశావు, సరిగ్గా మాట్లాడుకోనేలేదు. గేటు తీసేసరికి వీధిలో సగం మంది ఉన్నారు, నీకు గుర్తుందా? మనం నడిచి వస్తుంటే మునికృష్ణ మన కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో చూశాడు.

నాకైతే దోమలు తప్ప ఏ బాధా లేదు. ఎక్కడ పడుకున్నా ఒంటి కన్నుతో నిద్రపోయే నర్సు బతుకు కదా, అయినా బాగానే పడుకున్నాను. నువ్వు? మనసులో ఏమైనా ఉంటే నాకు రాయి. నా దగ్గర దాచుకోవాల్సిన పని లేదు, ఆ మాత్రం చెప్పగలను.

బాలచంద్ర రోజూ కబురు పెడుతున్నాడు. నువ్వు చెప్పాల్సిన మాట కూడా పంపాడు. “ఆ రాత్రి ఆ ఇంట్లో మేమిద్దరం తప్ప ఇంకెవరూ లేరు.” ఇంతే. నిజమే కదా. వచ్చే సోమవారం వస్తావా? నేను కాణిపాకం దాకా తోడు వచ్చి బయట కూర్చుంటాను. పెట్టెల షాపులో బేరం కూడా అయిపోయింది.

రూతు

తిరుపతి
మార్చి 16

రూతుకు,

సోమవారం కుదరదు. ఉగాదికి జాకెట్లు కుట్టమని అందరూ ఒకేసారి తెచ్చి పడేశారు, మిషను దగ్గర నుంచి లేవడం లేదు. కొంచెం జ్వరం కూడా.

ఒక సంగతి అడుగుతాను. రాజమ్మాళ్ గారు పోయిన రోజు నువ్వు చిత్తూరులోనే ఉన్నావా? ఎవరెవరు వచ్చారు? బాలచంద్రకు ఒక అక్క ఉండాలి కదా, మనకంటే పై తరగతి, రెండు జడలు వేసుకుని వచ్చేది. ఆమె సంగతి ఏమైంది? ఊరికే అడుగుతున్నాను.

పంకజాక్షి

చిత్తూరు
మార్చి 21

పంకజానికి,

ఊరికే అడుగుతున్నావా? నువ్వు హాస్టల్లో కూడా అబద్ధం ఆడాలంటే జ్వరమే చెప్పేదానివి.

అక్క పేరు మోహన. ఇష్టపడిన వాణ్ణి చేసుకుని రాయవేలూరు పోయింది. ఇక గడప తొక్కొద్దన్నాడు తమ్ముడు. తల్లి పోయిన రోజు కబురు ఆలస్యంగా పంపారని, ఆమె వచ్చేసరికి అంతా అయిపోయిందని విన్నాను. నేను డ్యూటీలో ఉన్నాను, చూడలేదు. చాలా? ఇప్పుడు నా మాట విను.

నిన్న మా వీధి చివర గాజులమ్మే ముసలామె పోయింది. కూతురు హోసూరులో ఉంది. ఎండకు భయపడి ఆగలేదు. కూతురు ఆటో దిగి, ఖాళీ అరుగు చూసి, ఎవరినీ ఏమీ అనకుండా ఆ అరుగు మీదే కూర్చుంది. నేను నీళ్ళు తీసుకుపోయి ఇచ్చాను. అంతకంటే ఏం చేయగలను? పెట్టె ఉంటే ఆ పిల్ల తల్లి మొహం చూసుకునేది. అది రాకపోవడానికి కారణం నువ్వు. కోపంగానే రాస్తున్నాను.

నువ్వెందుకు వెనకాడుతున్నావో కూడా నాకు తెలుసు. ఆ రాత్రి నాకు మెలకువ వచ్చింది. నీ చాప ఖాళీగా ఉంది. పెరటి గదిలోంచి ఏడుపు వినిపించింది. ఆయన పోయి ఏడాది కావస్తోంది, నన్ను లేపడం ఇష్టం లేక అక్కడికి పోయి ఏడుస్తున్నావనుకున్నాను. నీ ఏడుపు ఎంత పైకి వినిపిస్తుందో నీకు తెలియదు కదా. సిగ్గుపడతావని కళ్ళు మూసుకుని పడుకున్నాను. వచ్చి పట్టుకోవాల్సింది, తప్పు నాదే. కానీ పంకజం, మొగుణ్ణి తలుచుకుని ఏడిస్తే ప్రమాణానికేం అడ్డం?

రూతు

తిరుపతి
మార్చి 25

రూతుకు,

నేను ఏడవలేదు.

ఏడుపు విన్నానని నువ్వు రాసింది మళ్ళీ చదివాను. అంటే నువ్వు విన్నావు, నేను చూశాను, ఇద్దరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకున్నాం. మనలాంటి తెలివైన వాళ్ళకు దయ్యాలు భయపడాలి.

చెబుతాను, విను. నాకు నూనె దీపం వాసనకు మెలకువ వచ్చింది. నువ్వుల నూనె. కరెంటు లేని ఇంట్లో ఎవరు వెలిగించారా అని లేచాను. భయం వేసిందంటావా, వేసింది. కానీ చూడకుండా పడుకోవడం నా వల్ల కాలేదు. పెరటి గది తలుపు తోశాను. కిటికీ కింద నేల మీద మట్టి ప్రమిద. దాని ముందు ఒక ఆడమనిషి, వీపు నా వైపు ఉంది, భుజాలు కదులుతున్నాయి. తలుపు చప్పుడైనట్టుంది, తిరిగింది. నేనెలా ఉన్నానో ఊహించుకో. తెల్ల జుట్టు విరబోసుకుని, నీ బూడిద రంగు దుప్పటి కప్పుకుని గడపలో నిలబడ్డాను. ఆమె నన్ను చూసి కెవ్వుమనలేదు. రెండు చేతులూ చాచింది. పెదాల మీద మాట చదివాను. “అమ్మా” అంది.

రూతూ, దయ్యాన్ని చూడ్డానికి పోయిన నన్ను ఒక కూతురు తల్లి అనుకుంది. పోయి పట్టుకున్నాను. ఇంకేం చేస్తాను?

మోహనే ఆమె. పెరటి తాళం చెవి తల్లి బతికి ఉన్నప్పుడే రహస్యంగా ఇచ్చిందట, ఎప్పుడైనా నన్ను చూడ్డానికి రా అని. తల్లి ఉండగా రాలేకపోయింది. పోయిన రోజు వచ్చేసరికి చూసుకోవడానికి మొహం లేదు, తల్లి పడుకున్న మంచం తిరగేసి ఉంది. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ రాయవేలూరు నుంచి ఆఖరి బస్సులో వస్తుంది, మంచమున్న చోట దీపం పెట్టి, తెల్లారకముందే పోతుంది. తాళానికి తనే నూనె వేసుకుంటుంది. మాటల్లో తమిళం కలుస్తుంటే నాకు అన్నీ అందలేదు, ఒక్కటి మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని చదివాను. “మా తమ్మునికి తెలీనీయొద్దక్కా. తెలిస్తే తాళం మార్చేస్తాడు. నాకు ఈ నేల కూడా లేకుండా పోతాది.” మాట ఇచ్చాను.

ఇప్పుడు చెప్పు. ఇద్దరం తప్ప ఎవరూ లేరని స్వామి ముందు ఎలా చెప్పను? ఉన్నారని చెబితే ఆమెకు ఆ నేల పోతుంది. ఏమీ చెప్పకపోతే నీ పెట్టె పోతుంది. తల్లి మొహం చూడని కూతురి కోసమే నువ్వు పెట్టె అడుగుతున్నావు, దానికి అడ్డం వచ్చింది కూడా తల్లి మొహం చూడని కూతురే. నాకు జ్వరం నిజంగానే వచ్చింది.

పంకజాక్షి

పుత్తూరు
మార్చి 29

పంకజానికి,

నీ ఉత్తరం చదివి, లేచి, నీళ్ళ కోసం పోతూ మెట్టు తప్పాను. చీలమండ దగ్గర ఎముక విరిగింది. ఇప్పుడు పుత్తూరులో నాటువైద్యుల కట్టు కట్టించుకుని మా చెల్లెలు స్టెల్లా ఇంట్లో పడుకున్నాను. నలభై ఏళ్ళు నర్సుగా చేసి చివరికి పుత్తూరు కట్టుకు వచ్చావా అని నవ్వుకో, నవ్వు. కట్టు కట్టిన ఆయన కూడా నవ్వాడు.

అబద్ధం చెప్పొద్దు. ఆమె పేరూ చెప్పొద్దు. పెట్టె పోతే పోనీ. ఈ మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. మొదటి రోజు, చెప్పేస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. సిగ్గుగా ఉంది. నాకు ఐరాలలో నాయన సమాధి అన్నా ఉంది, పోయి కూర్చుంటాను. ఆమెకు ఉన్నది ఆ కిటికీ కింద నేల ఒక్కటే. దాన్ని తీసుకుని పెట్టె కొంటే, ఆ పెట్టె ముందు నేను నిలబడలేను. మళ్ళీ ఇంటింటికీ తిరుగుతాను. కాలు బాగుపడనీ.

బాలచంద్రకు కుదరదని రాసెయ్యి.

రూతు

తిరుపతి
ఏప్రిల్ 3

రూతుకు,

రాయలేదు. పోయి చెప్పాను. కాణిపాకంలోనే చెప్పాను.

నువ్వు లేకుండా పోవడానికి మనసొప్పలేదు, కానీ ఆ మనిషి దానం ఇస్తానని పదిమందిలో మాటిచ్చాడు, ఉత్తరం ముక్కతో తప్పుకోవడం మర్యాద కాదు. కోనేట్లో మునిగి తడి చీరతో వచ్చాను. బాలచంద్ర నా ఎదురుగా నిలబడ్డాడు. మీసాల మాటున మాట చదవడం ఎంత కష్టమో! ఆ మాట సెప్పక్కా అన్నాడు.

“దయ్యం లేదప్పా, అది ప్రమాణం సేస్తా. మేమిద్దరమే ఉన్నామని మాత్రం సెప్పలేను. ఒక మనిషి వచ్చింది. పేరు అడగొద్దు, మాట ఇచ్చినా.”

“దొంగా?”

“దొంగ దీపం పెడతాదా?”

ఆయన మొహం మారింది. “దీపం యాడ పెట్టింది?”

అది చెప్పొచ్చా, చెప్పకూడదా అని ఆలోచించాను. తడి బట్టలతో ఉన్నాను, అడిగింది చూసిన సంగతి. పేరు కాదు. “కిటికీ కింద. నేల మీద మంచం కోళ్ళ గుర్తులు ఉండే సోట. తల వైపు.”

అటు తిరిగిపోయాడు. ఏమైనా అన్నాడేమో నాకు తెలియదు. మళ్ళీ తిరిగినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకు అర్థం కావాలని మెల్లగా చెప్పాడు.

“అది మా యమ్మ మంచం. పెరటి తాళం సెవి మా యమ్మ కొంగునే ఉండె. పోయినంక ఇల్లంతా ఎతికినాను, కనపళ్ళేదు. మోహనక్కకు ఇచ్చిందా?”

నేను తల ఊపలేదు. కాదని కూడా అనలేదు. ఆ పేరు నేను చెప్పలేదు రూతూ, ఆయనే చెప్పాడు.

“రెండు గంటలు ఆగింటే అందుకునేది. ఎండ జాస్తిగా ఉండాది, ఇంక ఆగకూడదు అన్నారు అందరూ. నాకూ కోపముండె, సరే అనేసినాను.” మొహం తుడుచుకుని అడిగాడు, “ఆడ కూసోని మా యమ్మతో ఏం సెప్పుకుంటాదక్కా?”

ఇన్నేళ్ళలో నా చెవుల మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది. “నాకు వినపడదప్పా. వీపు నా తట్టు ఉండె. ఒక్క మాట పెదాల మీద చదివినాను. అమ్మా అనింది.”

ఆ మనిషి అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. పక్కన కూర్చున్నాను, నా చీర నీళ్ళు ఆయన పంచకు అంటుతున్నా జరగలేదు. పెట్టె మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు, ఉగాది ముందు కొత్త అమావాస్యకు ఆమె వస్తుందా అని. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

పంకజాక్షి

చిత్తూరు
మే 14

పంకజానికి, నీ రూతు వందనాలు.

కట్టు విప్పారు. కర్ర లేకుండా నడుస్తున్నాను.

కొత్త అమావాస్య సంగతి నవీన ఫోనులో రెండు ముక్కలు పంపాను గానీ, సరిగ్గా రాయలేదు. ఆ రోజు పచ్చ మేడకు కరెంటు పెట్టించాడు బాలచంద్ర. ముందు తలుపు బార్లా తీసి, గడపలో తానే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆఖరి బస్సు దిగి సందులోకి తిరగబోయిన మోహన ఆ వెలుగు చూసి ఆగిపోయిందట. మునికృష్ణ చెప్పాడు, ఈసారి తాగి లేడు. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో అతనికీ తెలియదు. ఇల్లు అమ్మే మాట మాత్రం ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. పెట్టెకు తక్కువైన సగం డబ్బు మరునాడు పుత్తూరు తెచ్చి నాకు ఇచ్చింది మోహన, తమ్ముడు స్టెల్లా ఇంటి గేటు బయట నిలబడి ఉన్నాడు.

పెట్టె వచ్చింది. చర్చి వరండాలో పెట్టాం, ఎవరి ఇంటికైనా పోతుంది. దాన్ని తుడిచి, వైరు సరిచూసి, ఇది ఎప్పటికీ వాడకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. అలా ఉండదు కదా.

మొన్న మా వెనక వీధి సుబ్బన్న పోయాడు. మండీలో బెల్లం దిమ్మెలు మోసేవాడు. కూతురు తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో ఉంది. ఎండ ఎలా ఉందో నీకు చెప్పక్కర్లేదు. ఎత్తేద్దాం అని ఎవరూ అనలేదు, పెట్టె తెచ్చి పెట్టారు. రాత్రంతా మోటారు శబ్దం వింటూ కూర్చున్నాను. ఆ పిల్ల మరునాడు మధ్యాహ్నం వచ్చింది. జనం దారి ఇచ్చారు. నేనే అద్దం మూత తీశాను. ఆ పిల్ల వంగి, గడ్డం పట్టుకుని, “నాయనా” అంది.

పంకజం, ముప్పై ఏళ్ళుగా నా గొంతులో ఉండిపోయిన మాట అది. నేను అనలేకపోయిన మాట నా కళ్ళ ముందు ఎవరో అన్నారు, వినే మొహం అక్కడ ఉంది. గోడ పట్టుకుని బావురుమన్నాను. నాకు తోడుగా వచ్చి ఉన్న స్టెల్లా పట్టుకుంది. చనిపోయింది సుబ్బన్నా, ఈమె నాయనా అని జనం చూశారు, చూడనీ. ఆ రాత్రి నాకు మా నాయన మొహం గుర్తొచ్చింది. ఫోటో కాదు. ఐరాల బస్టాండులో నన్ను మొదటిసారి హాస్టలుకు ఎక్కించి, కిటికీలోంచి చిల్లర ఇస్తూ నవ్విన మొహం.

ఈసారి ఏడ్చింది నేనే. నీకు వినపడదు కాబట్టి రాస్తున్నాను.

రూతు